మాకు మైకు వద్దు, రీడింగ్ రూం తాళం ఇవ్వండి చాలు: కాలనీ కల్చరల్ కమిటీలకి బహిరంగ లేఖ

కాలనీల కల్చరల్ కమిటీ పెద్దలకి, సెక్రటరీ గార్లకి, ప్రతి పండక్కీ కుర్చీలు లెక్కపెట్టుకునే అన్నయ్యలకి, స్టేజీ వెనక పిల్లలకి సేఫ్టీ పిన్నులు పెట్టే అక్కయ్యలకి నమస్కారాలు.

మేం ఎనిమిది మంది ఆడవాళ్ళం. సికింద్రాబాద్ వైపు కాలనీల్లో ఉంటాం, నాలుగైదేళ్ళుగా కలిసి పాడుతున్నాం. మా గ్రూపుకి సరైన పేరు కూడా లేదు, వాట్సాప్‌లో "గురువారం 5.30" అని ఉంటుంది, ప్రాక్టీస్ టైం అది, అదే పేరైపోయింది. అందరికన్నా చిన్నదానికి పంతొమ్మిది, అందరికన్నా పెద్దక్కకి అరవై ఏడు. సగం మంది చర్చి కోయిర్లలో పెరిగినవాళ్ళు, మిగతా సగం చిన్నప్పుడు సరళీ స్వరాలు నేర్చుకుని పెళ్ళయ్యాక ఆపేసినవాళ్ళు. మూడు గొంతులుగా విడిపోయి పాడతాం, పైన ఒకళ్ళు, మధ్యలో ఒకళ్ళు, కింద ఒకళ్ళు. కోయిర్ భాషలో ఫస్ట్ సోప్రానో, సెకండ్ సోప్రానో, ఆల్టో. మగ గొంతు లేదు. డబ్బులు అడగం. ఈ లేఖలో కూడా అడగడం లేదు, భయపడకండి.

మొన్న ఉగాదికి ఒక కాలనీలో (పేరెందుకులెండి, చదివితే వాళ్ళకి తెలుస్తుంది, మిగతావాళ్ళు కూడా ఇది మా కాలనీయేమో అనుకుంటే ఇంకా మంచిది) మమ్మల్ని ఆరున్నరకి రమ్మన్నారు. ఆరింటికే వెళ్ళాం. పంచాంగ శ్రవణం అయింది, చిన్నపిల్లల డాన్సులు అయ్యాయి, పెద్దపిల్లల డాన్సులు అయ్యాయి, ఒక డాన్సు పాట మధ్యలో ఆగిపోయిందని మళ్ళీ మొదట్నుంచి అయింది, హౌసీ అయింది, లక్కీ డ్రాలో మిక్సీ ఎవరికొచ్చిందో తేలింది, అప్పుడు తొమ్మిది నలభైకి "ఇప్పుడు మన లేడీస్ ఒక ప్రార్థనా గీతం" అన్నారు. ప్రార్థన ఎక్కడైనా చివర్లో చేస్తారా అని మా చిన్నది గొణిగింది, నేను కాలు తొక్కాను.

స్టేజీ మీద సౌండ్ అతను వచ్చి పెన్‌డ్రైవ్ అడిగాడు. పెన్‌డ్రైవ్ లేదన్నా, మేమే పాడతాం అన్నాను. "అదే మేడం, ట్రాకు?" ట్రాకు కూడా లేదన్నా. "మరి మ్యూజిక్కు?" మేమే మ్యూజిక్కు. పాపం జాలిపడ్డాడు మా మీద. మనసున్న మనిషే, ఏదో ఒకటి సాయం చేద్దామని ఎకో పెంచాడు. తీసెయ్యన్నా అంటే "తీసేస్తే డ్రై కొడ్తది మేడం, మీకే బాగోదు" అన్నాడు. ఎనిమిది మందికి రెండు కార్డ్‌లెస్ మైకులు, అందులో ఒకదానికి బ్యాటరీ అయిపోయింది. రెండోది చేతులు మారి మారి మా పెద్దక్క దగ్గర ఆగింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. పెద్దక్క ఆల్టో. రిటైర్డ్ లెక్కల టీచరు, గ్రూపు మొత్తంలో అందరికన్నా గట్టి శ్రుతి ఆవిడదే. ఆ పాటలో ఆవిడ పని ఏమిటంటే పదహారు మాత్రల పాటు (మాత్ర అంటే తాళంలో ఒక దెబ్బంత సేపు) ఒకే స్వరం పట్టుకుని కదలకుండా నిలబడటం, పైన మేం ఆరుగురం ఒకళ్ళ మీద ఒకళ్ళం అల్లుకుంటూ దిగుతుంటే. పదిహేడో మాత్రకి ఆవిడ అర స్వరం కిందికి జారుతుంది, ఆ ఒక్క జారుడుతో పైనున్న మా స్వరాలన్నిటి రంగూ మారిపోతుంది. ఆ పాటంతా దానికోసమే ఉంటుంది, పాడుతున్న మాకే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు మూడొందల మందికి వినపడింది మాత్రం పెద్దక్క పదహారు మాత్రలు, ఎకోతో కలిపి ముప్ఫై రెండు. దిగి వస్తుంటే ముందు వరసలో ఒక బాబాయ్ గారు పక్కాయనతో అంటున్నారు, "ఆవిడకి పాట రాదనుకుంటా పాపం, ఒక్క చోటే ఉండిపోయింది." పెద్దక్క ఆటోలో ఇంటిదాకా నవ్వుతూనే ఉంది. దిగేటప్పుడు మాత్రం "వచ్చే నెల నేను రానే" అంది. వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

తప్పు సౌండ్ అతనిదని నేననడం లేదు. ఆ సిస్టం డీజే కోసం, మైకులో ఉపన్యాసం కోసం. మా కింది ఆల్టో పాడే అట్టడుగు స్వరం సుమారు 196 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు, అంకె పెరిగితే స్వరం పైకి పోతుంది), మా పై సోప్రానో ఎక్కే చివరి మెట్టు 880. స్టేజీకి అటూ ఇటూ బీరువాల్లాగా నిలబెట్టే ఆ బేస్ బాక్సులు పనిచేసేది దాదాపు వంద హెర్ట్జ్‌కి కింద. అంటే వాటికి మా పాటలో పనే లేదు, ఊరికే గుయ్యిమంటూ ఉంటాయి. మా మూడు పార్టులూ దగ్గర దగ్గరగా, రెండు స్థాయిలకి కాస్త పైచిలుకులోనే సర్దుకుని ఉంటాయి కాబట్టి (స్థాయి అంటే స నుంచి పై స దాకా) ఎకో పెడితే పోయిన స్వరం ఇంకా గాల్లో ఉండగానే కొత్త స్వరం వచ్చి దాని మీద కూర్చుంటుంది, అప్పుడది పాట కాదు, పప్పులో వేసిన పులిహోర. పైగా మేం శ్రుతి సరిచేసుకునేది పక్కవాళ్ళ గొంతు చెవితో విని. స్పీకర్లు జనం వైపు తిరిగి ఉంటే మాకు పక్క మనిషి వినపడదు, మా గొంతే మాకు వెనక గోడకి తగిలి ఆలస్యంగా వస్తుంది.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కాస్త సాగదీస్తాను. తంబురా బాగా శ్రుతి కుదిరితే ఎవరూ మీటని గాంధారం, అంటే గ, దానంతటది వినపడుతుంది కదా, స్వయంభూ గాంధారం అంటారు మన పెద్దవాళ్ళు. గొంతుల్లో కూడా అలాంటి మాయ ఒకటుంది, కారణం వేరే అనుకోండి. ఒకళ్ళు పై షడ్జం (స), ఇంకొకళ్ళు పై పంచమం (ప) వంక లేకుండా పట్టుకుంటే ఆ రెంటి కంపనాలకీ ఉన్న తేడా లెక్కకి సరిగ్గా ఒక స్థాయి కింది షడ్జం అవుతుంది, చెవిలో అది కూడా మోగుతుంది. ఎవరూ పాడని మూడో గొంతు. ఇటలీలో తార్తీని అనే వయొలిన్ ఆయన 1714లోనే దీన్ని కనిపెట్టాడు, అందుకే తార్తీని స్వరాలంటారు. మాకు ఇది మొదటిసారి మా చిన్నదాని ఇంటి మెట్ల దగ్గర వినపడింది, ఎవరే ఆ కింద పాడుతోంది అని ముగ్గురం ఒకేసారి ఆపేశాం. కాబట్టి "మగ గొంతు లేకుండా బేస్ ఎవరు పాడతారమ్మా" అని అడిగి, మా బావమరిదిని పంపిస్తాను బాగా పాడతాడు అని ఆఫర్ చేసిన సెక్రటరీ గారికి నా మర్యాదపూర్వక జవాబు: చిన్న గదీ, కాస్త నిశ్శబ్దమూ ఇస్తే కింది గొంతు దానంతటదే వస్తుందండీ. బావమరిది గారిని కూర్చుని వినమనండి.

ఆడవాళ్ళే ఎందుకు అనేది ఇంకో ప్రశ్న. ప్రతి కాలనీలో అడుగుతారు. పెళ్ళిలో మంగళహారతి ఎవరు పాడతారండీ? బతుకమ్మ చుట్టూ ఒకావిడ ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేది ఎవరు? అప్పుడెవరూ మగ గొంతు ఏదని అడగరు. పోనీ కచేరీ సంగతే తీసుకుందాం. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మ గారికి, ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదంటే, ఆవిడ 1927లో ఆడవాళ్ళని కూడగట్టి సమాధి వెనక వైపు వేరే కచేరీలు మొదలుపెట్టించింది. ఇప్పుడు అందరూ కలిసి పంచరత్నాలు పాడుతున్నారు, సంతోషం. కానీ గోష్ఠిగానాల్లో శ్రుతి గొడవ మీకు తెలియంది కాదు. మగవాళ్ళ శ్రుతి ఒకటో ఒకటిన్నరో, ఆడవాళ్ళది ఐదూ ఐదున్నరా (అంకె పెరిగితే శ్రుతి పైకి), కలిసి పాడాలంటే ఎవరో ఒకరు చావాలి. మా పెద్దమ్మ ఇరవై ఏళ్ళు గోష్ఠిలో పాడింది, "వాళ్ళ శ్రుతికి మనం పాడితే బావిలోంచి పాడినట్టుంటుందే" అనేది. మా ఎనిమిది మందికి ఆ బాధ లేదు, అంతే, పెద్ద సిద్ధాంతమేమీ లేదు దీని వెనక.

చీరల గురించి రెండు ముక్కలు. "అందరూ ఒకే రంగు కట్టుకొస్తే ఫోటోలు బాగుంటాయి" అని మెసేజ్ వస్తుంది ప్రతిసారీ. 1700ల్లో వెనిస్‌లో పియెతా అని అనాథాశ్రమం ఉండేది, పేరున్న కంపోజరు వివాల్ది 1703లో అక్కడే వయొలిన్ మాస్టరుగా చేరాడు. అక్కడి ఆడపిల్లలు మేడ మీద ఇనప జాలీల వెనక నిలబడి పాడేవాళ్ళు, కిందున్నవాళ్ళకి మొహాలు కనపడేవి కావు. రూసో అనే ఫ్రెంచి రచయిత ఆ ఊళ్ళోనే మెండికాంతి అనే ఇలాంటి ఇంకో ఆశ్రమంలో జాలీలని తిట్టుకుంటూ కూడా వదలకుండా వెళ్ళి వినేవాడు, ఊళ్ళు దాటి జనం వచ్చేవాళ్ళు. పియెతా రికార్డుల్లో కొంతమంది అమ్మాయిల పేర్ల పక్కన మామూలుగా మగ గొంతులకి వాడే టెనర్, బేస్ అనే మాటలు కూడా రాసి ఉంటాయి, బావమరిదులు లేకుండానే నడిపించుకున్నారన్నమాట. మేం జాలీ వెనక నిలబడం కానీ ఎనిమిది ఒకే రంగు చీరలు కొనే ప్రసక్తి లేదు, ఎవరి బీరువాలో ఏది ఇస్త్రీ అయి ఉంటే అది.

ఇక అసలు ఇబ్బంది, అందరూ లోపల అనుకుంటారు కానీ పైకి అడగనిది. "మీరు చర్చి వాళ్ళా, భజన వాళ్ళా?" గుడి మండపంలో పాడదామంటే లాటిన్ పాట ఎందుకమ్మా అంటారు, చర్చి హాల్లో పాడదామంటే అన్నమయ్య ఎందుకమ్మా అంటారు. ఈ రెండూ పక్కనబెట్టి ఒక పాట ఎంచుకున్నాం. గుస్తావ్ హోల్స్ట్ అని ఇంగ్లీషు కంపోజరు, లండన్ హామర్‌స్మిత్‌లో ఆడపిల్లల స్కూల్లో 1905 నుంచి 1934లో పోయేదాకా మ్యూజిక్ టీచరు. ఆయన సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలని సొంతంగా ఇంగ్లీషు చేసుకుని కట్టాడు, అందులో మూడో వరస, 1910 నాటిది, కేవలం ఆడ గొంతులకీ హార్ప్‌కీ రాసింది. ఉషస్సు మీద ఒకటి, నీళ్ళ మీద ఒకటి, అలా నాలుగు. హార్ప్ మన దగ్గర ఎక్కడుంటుంది, కీబోర్డులో హార్ప్ నంబర్ నొక్కి కానిచ్చేస్తాం. ఇదైతే ఇద్దరికీ నచ్చుతుందనుకున్నాం. చర్చి కమిటీ అంకుల్ "ఋగ్వేదమా" అన్నారు. గుడి కమిటీ అంకుల్ "ఇంగ్లీషా" అన్నారు. ఒకే పాట, ఒకే వారంలో.

మా లోపల మాత్రం ఈ గోల ఎప్పుడూ రాలేదు. చర్చి అక్కలకి టానిక్ సోల్ఫా వచ్చు, గీతల నోటేషన్ లేకుండా డ ర మ అని అక్షరాలతో రాసుకునే పద్ధతి. నార్విచ్‌లో శారా గ్లోవర్ అనే టీచరమ్మ మొదలుపెడితే జాన్ కర్వెన్ ఊరూరా పట్టుకెళ్ళాడు. అందులో డో ఎక్కడ పెట్టుకుంటే అక్కడే, అచ్చం మన షడ్జం లాగే. మేం సరిగమలు రాసుకుంటే వాళ్ళు పక్కన డరమలు రాసుకున్నారు, రెండు వారాల్లో జిరాక్సు కాగితం ఒకటే అయింది. ఇలా పార్టులుగా పాడటం మనది కాదు అనేవాళ్ళకి ఒక్క మాట, మన చిత్తూరులో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్ గారు మద్రాసులో యూత్ కోయిర్ పెట్టి మన భాషల పాటల్నే పార్టులుగా పాడించారు. అది జరిగి చాలా ఏళ్ళయింది. మనమే మర్చిపోయాం.

సరే, తిట్లు అయ్యాయి. ఒక మంచి సంగతి కూడా చెప్తాను, మీరంతా ఇలా చేయొచ్చు అని చెప్పడానికే ఈ ఉత్తరం.

కిందటి డిసెంబరులో ఇంకో కాలనీలో, పార్కు మూలన రీడింగ్ రూం ఉంది, పేపర్లు వేసే టేబుల్, రెండు బీరువాల పుస్తకాలు, నలభై కుర్చీలు పట్టే గది. ఆదివారం పొద్దున పదకొండింటికి ఇచ్చారు. మేం ఏ గదికి వెళ్ళినా ముందు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి వింటాం. గుడి రాతి మండపంలో ఆ చప్పట తిరిగొస్తుంది, ఫంక్షన్ హాల్లో అయితే పిచ్చి పట్టినట్టు గోడ నుంచి గోడకి కొట్టుకుంటుంది. ఈ గదిలో పుస్తకాలు సగం మింగేసి సగం వెనక్కిచ్చాయి, అది చాలు. ఫ్యాన్లు ఆపించాం. ఫ్యాను కింద నిలబడి పొడుగు స్వరం పాడి చూడండి ఎప్పుడైనా, రెక్కలు ఆ స్వరాన్ని ఉల్లిపాయల్లా తరిగేస్తాయి. అందుకే మేం చలికాలం మనుషులం, ఉగాదికి మమ్మల్ని పిలవడమే అసలు తప్పు.

పాతికమంది వచ్చారు. అందులో అయిదుగురు పేపర్ చదువుకోవడానికి వచ్చి మొహమాటానికి ఉండిపోయినవాళ్ళు. మేం ముందు నిలబడలేదు, గది చుట్టూ గోడ వెంట వాళ్ళ వెనకాల నిలబడ్డాం, శ్రుతి పెట్టె ఒక్క నిమిషం పెట్టి ఆపేశాం. నలభై నిమిషాలు, ఏడు పాటలు. పొడుగు స్వరాల దగ్గర ఒకరు ఊపిరి తీసుకుంటుంటే పక్కావిడ ఆ ఖాళీని కప్పుతుంది, ఎవరు ఎక్కడ పీల్చుకోవాలో కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుని ఉంటాం. మా పక్కనే కూర్చున్నవాళ్ళకి ఆ ఊపిర్లు కూడా వినపడతాయి. పెద్దక్క పదహారు మాత్రలు పట్టుకుంది. పదిహేడో దానికి జారింది. ముందున్న పెద్దాయన చేతిలో పేపర్ మడత పెడుతున్నవారు సగంలో ఆపేశారు, మడత అలాగే ఉండిపోయింది పాటయ్యేదాకా.

తర్వాత అందరూ బాగుంది బాగుంది అన్నారు, అది మామూలే. కానీ అక్కడి వాచ్‌మన్ గారి భార్య గుమ్మం బయట నిలబడి విన్నది. చెప్పులేసుకుంటుంటే వచ్చి అడిగింది, "అక్కా, ఆ మూడో పాట ఇంకోసారి పాడతరా? మీరు ముగ్గురు ముగ్గురు తలా ఒక పాట ఎత్తుకుని ఎటో పోయి, ఆఖర్ల ఒక్కతానికి వచ్చిండ్రు గదా, అది." నేను పదిహేనేళ్ళు చర్చి కోయిర్‌లో పాడాను, ఇద్దరు మాస్టర్ల దగ్గర నేర్చుకున్నాను, పార్ట్ సింగింగ్ అంటే ఏమిటో ఇంత తిన్నగా నాకెవరూ చెప్పలేదు. చెప్పులు విప్పేసి మళ్ళీ పాడాం, పార్కులోనే, ఆవిడకీ వాళ్ళ ఇద్దరు పిల్లలకీ. చిన్నపిల్ల మొదట్నుంచి చివరిదాకా మా సెకండ్ సోప్రానో నోట్లోకే చూస్తూ నిలబడింది.

కాబట్టి కమిటీ పెద్దలూ, మీ దగ్గర ఏసీ హాలు ఉందని, కొత్త సౌండ్ సిస్టం కొన్నామని దయచేసి చెప్పకండి. మీ కాలనీలో ఒక చిన్న గది ఉంటుంది. రీడింగ్ రూమో, యోగా రూమో, పాత ఆఫీసు గదో, పనికిరాని క్యారంబోర్డులు పెట్టుకునేదైనా సరే. ఫ్రిజ్ ఉంటే ఒక్క గంట స్విచ్ ఆపండి, అది గుర్రుమనే స్వరం మా శ్రుతికి ఎప్పుడూ పావు వంతు తేడాలో ఉంటుంది. ఆదివారం పొద్దున అయితే మేలు, పెళ్ళిళ్ళ సీజన్ బ్యాండు మేళం లేని వారం చూసుకుందాం. మైకు వద్దు, స్టేజీ వద్దు, ఫ్లెక్సీ వద్దు. జ్యోతి ప్రజ్వలనకి వచ్చిన కార్పొరేటర్ గారి కోసం గంట ఆగడం మా వల్ల కాదు, ఆయన వింటానంటే కుర్చీలో కూర్చోమనండి, సంతోషంగా పాడతాం. శాలువాలు అస్సలు వద్దు. మా ఇంట్లోనే ఇప్పటికి ఆరున్నాయి, అన్నీ అదే మెరూన్ రంగు, ఒకటి ఇస్త్రీ టేబుల్ మీద వేశాను. ఆ శాలువా డబ్బు ఆటోకి ఇస్తే పెద్దక్క బస్సు ఎక్కాల్సిన పని ఉండదు, డబ్బులడగనని పైన అన్నాను కానీ ఇది ఆటో డబ్బులే, లెక్కలోకి రాదు.

పిల్లలు గోల చేస్తారేమో అని అడిగారు ఒకరు. చేయనివ్వండి, పిల్లల గోల ఫరవాలేదు. ఫోన్లలో వీడియో తీసే పెద్దవాళ్ళు లేచి ముందుకొస్తేనే కష్టం.

సంక్రాంతి ముందు రెండు ఆదివారాలు మాకు ఖాళీ. మల్కాజ్‌గిరి, తార్నాక, సైనిక్‌పురి, అల్వాల్ చుట్టుపక్కల ఎక్కడైనా వస్తాం. అంతకన్నా దూరమైతే మా నర్సు అక్క నైట్ డ్యూటీ దిగి రాలేదు, ఆవిడ లేకపోతే ఆల్టోలో పెద్దక్క ఒక్కత్తే అయిపోతుంది, మళ్ళీ ఎవరో బాబాయ్ గారు ఆవిడకి పాట రాదంటారు.

ఒక్కటి మాత్రం ముందే చూసిపెట్టండి, గది తాళం ఎవరి దగ్గరుంటుందో. కిందటేడు ఒకచోట పది నలభై నుంచి పదకొండున్నర దాకా తాళం కోసం మెట్ల మీద కూర్చున్నాం, తాళం ఉన్నాయన కూతురింటికి వెళ్ళారట. ఆ మెట్ల మీదే రెండు పాటలు పాడేసుకున్నాం అనుకోండి. మెట్లు కూడా బాగానే మోగుతాయి.

ఇట్లు,
గురువారం 5.30 ఎనిమిది మంది తరఫున,
ఒక సెకండ్ సోప్రానో